కొత్త కంప్యూటర్ ఖాళీగా ఉన్నప్పుడే ఎందుకు ఆగిపోతోంది?

ప్రశ్న: నేనూ మా తమ్ముడూ పార్టులన్నీ విడివిడిగా కొని ఇంట్లోనే కంప్యూటర్ అసెంబుల్ చేసుకున్నాం. రైజెన్ 5 7600 ప్రాసెసర్, బీ650 మదర్‌బోర్డు, 16 జీబీ డీడీఆర్5 ర్యామ్‌లు రెండు, 1 టీబీ ఎన్‌వీఎంఈ ఎస్‌ఎస్‌డీ, ఒక మామూలు గ్రాఫిక్స్ కార్డు, 650 వాట్ల ఎస్‌ఎంపీఎస్. ర్యామ్ ప్యాకెట్ మీద 6000 అని ఉంది. మొదటి వారం నుంచే రోజుకు ఒకటి రెండుసార్లు స్క్రీన్ ఉన్నదున్నట్టు ఆగిపోతోంది. బ్లూ స్క్రీన్ రాదు, ఎర్రర్ రాదు, దానంతట అది రీస్టార్ట్ కూడా కాదు. పవర్ బటన్ నొక్కి పట్టుకుని ఆపాల్సిందే. విచిత్రం ఏమిటంటే, తమ్ముడు రెండు గంటలు గేమ్ ఆడినా ఏమీ కాదు. యూట్యూబ్ చూస్తున్నప్పుడో, ఊరికే వదిలేసి అన్నానికి వెళ్ళినప్పుడో ఆగిపోతుంది. మూడుసార్లు ఫార్మాట్ కొట్టి విండోస్ 11 వేశాం. షాపువాళ్ళు సాఫ్ట్‌వేర్ ప్రాబ్లమ్ అంటున్నారు. నాన్నగారేమో ఆ డబ్బుతో కంపెనీ కంప్యూటర్ కొనాల్సింది అంటున్నారు. నా ప్రాజెక్టు పనంతా ఇందులోనే ఉంది, చాలా టెన్షన్‌గా ఉంది. ఏ పార్టు మార్చాలి? – ఒక పాఠకురాలు, నరసరావుపేట

సమాధానం: ఇప్పుడే ఏ పార్టూ మార్చకండి. ఇంకోసారి ఫార్మాట్ కూడా కొట్టకండి. అన్నిటికన్నా ముందు మీ ప్రాజెక్టు ఫైళ్ళు పెన్ డ్రైవ్‌లోకో గూగుల్ డ్రైవ్‌లోకో కాపీ చేసి, వాటిని వేరే కంప్యూటర్‌లో తెరిచి చూడండి. కాపీ అయితే చాలదు, తెరుచుకోవాలి. ర్యామ్‌లో లోపం ఉంటే ఫైలు డిస్క్‌కి చేరేటప్పుడే పాడైపోవచ్చు, ఆ సంగతి మీకు నెలల తర్వాత గానీ తెలియదు. మూడుసార్లు విండోస్ వేసినా ఫలితం లేకపోవడానికి కూడా ఇదే కారణం కావచ్చు. ర్యామ్ సరిగ్గా లేని మెషిన్ మీద విండోస్ వేస్తే, ఆ వేసిన విండోస్ కూడా సరిగ్గా ఉంటుందన్న నమ్మకం లేదు.

మీ ఉత్తరంలో నాకు బాగా పనికొచ్చిన సంగతి, గేమ్ ఆడుతున్నప్పుడు ఆగడం లేదని రాయడం. కొత్త కంప్యూటర్ హ్యాంగ్ అవుతోందంటే అందరూ మొదట అనేది వేడెక్కుతోందని, లేదా ఎస్‌ఎంపీఎస్, అంటే పార్టులకు కరెంటు అందించే పెట్టె, చాలడం లేదని. వేడి సమస్యైనా వాట్ల సమస్యైనా గేమ్‌లోనే ముందు బయటపడాలి. ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు రెండూ గట్టిగా పనిచేసేది అప్పుడే. పైగా మీ ప్రాసెసర్ 95 డిగ్రీల వరకు తట్టుకునేలా తయారైంది, అది దాటబోతుంటే తనే వేగం తగ్గించుకుంటుంది. మామూలు గ్రాఫిక్స్ కార్డుతో 650 వాట్లు సరిపోతాయి. కాబట్టి కొత్త కూలరూ, పెద్ద ఎస్‌ఎంపీఎస్సూ కొనమని ఎవరైనా చెబితే ఇప్పటికి ఆగండి.

ఖాళీగా ఉన్నప్పుడే ఆగడం మీరు అనుకున్నంత విచిత్రమేమీ కాదు. పని లేనప్పుడు ప్రాసెసర్ ఊరికే కూర్చోదు. కోర్లను ఒక్కొక్కటిగా నిద్రపుచ్చుతుంది, వోల్టేజీ బాగా తగ్గించేస్తుంది. మౌస్ కదిలిందనో, ఏదో అప్‌డేట్ వచ్చిందనో మళ్ళీ ఒక్కసారిగా లేస్తుంది. సెకనులో ఇలా ఎన్నోసార్లు జరుగుతుంది. ఈ దశలనే సీ-స్టేట్లు అంటారు. లేచే ఆ క్షణంలో వోల్టేజీ కొంచెం అటూ ఇటూ అయితే, ర్యామ్ మరీ అంచు మీద నడుస్తుంటే, మెషిన్ అక్కడికక్కడే కొయ్యబారిపోతుంది. 2013లో ఇంటెల్ హాస్వెల్ ప్రాసెసర్లు వచ్చినప్పుడు, నిద్రలో అవి 12 వోల్టుల లైను నుంచి 0.05 ఆంపియర్ల వరకు మాత్రమే లాగే స్థితికి వెళ్ళేవి. అంత తక్కువ లోడుకు తట్టుకోలేని ఎస్‌ఎంపీఎస్‌లు ఉండటంతో, ఏవి హాస్వెల్‌కి పనికొస్తాయో తయారీదార్లు జాబితాలు ఇవ్వాల్సి వచ్చింది. 2017లో మొదటి తరం రైజెన్లు కూడా కొందరి ఇళ్ళలో సరిగ్గా మీరు చెప్పినట్టే, ఏ పనీ చేయనప్పుడు ఆగిపోయేవి. అప్పుడు బయాస్‌లో, అంటే విండోస్ కన్నా ముందు లేచే బోర్డు సొంత సాఫ్ట్‌వేర్‌లో, ‘పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్’ అనే సెట్టింగ్ వచ్చింది. దాన్ని ‘టిపికల్ కరెంట్ ఐడిల్’ అని పెడితే చాలామందికి సమస్య పోయింది. మీది కొత్త తరం ప్రాసెసర్, మీ సమస్య అదే అని నేను అనను. చాలా బోర్డుల్లో ఆ సెట్టింగ్ మాత్రం ఇప్పటికీ ఉంది, దాని దగ్గరికి తర్వాత వద్దాం.

ఈసారి ఆగినప్పుడు వెంటనే పవర్ బటన్ నొక్కకండి. ఒక్క నిమిషం గమనించండి. ముందు క్యాప్స్ లాక్ నొక్కి, కీబోర్డు మీద లైటు వెలిగి ఆరుతోందేమో చూడండి. కొన్ని వైర్‌లెస్ కీబోర్డులకు ఆ లైటే ఉండదు, అందుకని ఈ నాలుగు రోజులు వైరున్న కీబోర్డు పెట్టుకోండి. లైటు మారుతూ, వెనకాల పాట కూడా వినిపిస్తుంటే ప్రాసెసర్ బతికే ఉంది, బొమ్మ మాత్రమే ఆగింది. అప్పుడు విండోస్, కంట్రోల్, షిఫ్ట్, బీ నాలుగూ కలిపి నొక్కండి. స్క్రీన్ ఒకసారి మినుక్కుమని తిరిగొస్తే తప్పు గ్రాఫిక్స్ డ్రైవర్ వైపో, కార్డు వైపో ఉంది. మౌస్ కదులుతూ, తెరిచి ఉన్న విండో కాసేపు పనిచేస్తూ, కొత్తది ఏది నొక్కినా తెరుచుకోకపోతే ఎస్‌ఎస్‌డీని అనుమానించాలి. లైటు మారక, మౌస్ కదలక, పాట ఒకే ముక్క దగ్గర గర్‌ర్‌మని ఇరుక్కుపోతే అది పూర్తి హ్యాంగ్. అప్పుడు చూడాల్సినవి ర్యామ్, ప్రాసెసర్, బోర్డు, వాటికి అందే కరెంటు. మీ వర్ణన చూస్తే మీది ఈ మూడోదే అనిపిస్తోంది. అయినా మీ కళ్ళతో చూసి ఖాయం చేసుకోండి.

తర్వాత విండోస్ తనకు జరిగినవన్నీ రాసుకునే ఈవెంట్ వ్యూయర్ తెరిచి, విండోస్ లాగ్స్ కింద సిస్టమ్‌లోకి వెళ్ళండి. అక్కడ ‘కెర్నల్-పవర్ 41’ అని ఎర్రగా కనిపిస్తుంది. దాన్ని చూసి ఎస్‌ఎంపీఎస్ పోయిందని హడావుడిగా మార్పించేవాళ్ళు చాలామంది. ఆ వరుస చెప్పేది, మెషిన్ పద్ధతి ప్రకారం షట్‌డౌన్ కాలేదన్న ఒక్క మాటే. మీరు బటన్ నొక్కి ఆపారు కాబట్టి అది వచ్చి తీరుతుంది. మీరు వెతకాల్సింది దానికి ముందు ఏముందా అని. ‘వీ-లాగర్’ పేరుతో, అంటే ఇంగ్లీషులో డబ్ల్యూ, హెచ్, ఈ, ఏ అక్షరాలతో మొదలయ్యే వరుసలుంటే హార్డ్‌వేరే తన తప్పు తాను చెప్పుకుంటున్నట్టు. 129, 153 నంబర్లతో డిస్క్ గురించిన హెచ్చరికలు ఉంటే ఎస్‌ఎస్‌డీ సమయానికి జవాబివ్వడం లేదని. ఆగిన సమయానికి ముందు ఏమీ లేకపోతే నిరాశపడకండి. రాసుకునే వ్యవధి కూడా లేకుండా ఒక్కసారిగా ఆగిపోయిందంటే అది కూడా హార్డ్‌వేర్ వైపు చూపించే ఆధారమే.

షాపువాళ్ళ మాట నిజమో కాదో తేల్చే మంచి పరీక్ష ఒకటుంది. పెన్ డ్రైవ్‌లో ఉబుంటు (విండోస్‌కి బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) వేసి, ఇన్‌స్టాల్ చేయకుండా ‘ట్రై ఉబుంటు’ అని నేరుగా దాని నుంచే నడపండి. వీలైతే ఎస్‌ఎస్‌డీ తీసి పక్కన పెట్టండి. అందులో యూట్యూబ్ చూడండి, వదిలేసి భోజనానికి వెళ్ళండి. అక్కడ కూడా ఆగిపోతే విండోస్ తప్పు లేదు, ఎస్‌ఎస్‌డీ తీసేసి ఉంటే దాని తప్పూ లేదు. ఇక సాఫ్ట్‌వేర్ అని ఎవరూ మిమ్మల్ని వెనక్కి పంపలేరు. ఆగిన స్క్రీన్‌ని ఫోన్‌లో వీడియో తీసి పెట్టుకోండి.

ఇక మరమ్మతు. నేను మొదట చేయమనేది ర్యామ్ వేగం తగ్గించడం. ప్యాకెట్ మీది 6000 మీ ప్రాసెసర్ హామీ ఇచ్చే వేగం కాదు. రైజెన్ 7600కి రెండు స్టిక్కులతో దాని తయారీదారు ఏఎండీ అధికారికంగా చెప్పేది 5200 మాత్రమే. బయాస్‌లో ఎక్స్‌పో అనే సెట్టింగ్ ఆన్ చేస్తేనే 6000 వస్తుంది, అంటే అది ఓవర్‌క్లాకింగ్, హామీ ఇచ్చిన వేగం దాటి నడపడం. చాలా మెషిన్లు దాన్ని హాయిగా మోస్తాయి, కొన్ని మోయలేవు. రెండిట్లో ఏదీ మీ తప్పు కాదు. అసెంబుల్ చేయడం నేర్పే వీడియోలన్నీ ఎక్స్‌పో ఆన్ చేయడం మరిచిపోకండి అని చెబుతాయి గానీ, సమస్య వస్తే మొదట ఆఫ్ చేయాల్సింది కూడా అదే అని చెప్పవు. బయాస్‌లోకి వెళ్ళి ఎక్స్‌పో ఆఫ్ చేసి సేవ్ చేయండి. ర్యామ్ 4800కో దానికి దగ్గరకో దిగుతుంది. మీ పనిలో ఆ తేడా దాదాపు తెలియదు.

ఇక్కడ ఒక జాగ్రత్త. ఈ తరం బోర్డుల్లో ర్యామ్ సెట్టింగ్ మార్చిన తర్వాత మొదటిసారి ఆన్ చేస్తే, స్క్రీన్ నల్లగా ఉండి కొన్ని నిమిషాలు పట్టవచ్చు. బోర్డు ర్యామ్‌తో కుదుర్చుకునే సమయం అది, మెమరీ ట్రెయినింగ్ అంటారు. చచ్చిపోయిందనుకుని మధ్యలో ఆపేయకండి. వేచి ఉండండి.

ఆఫ్ చేశాక ఎన్నాళ్ళు చూడాలి? తొందర వల్ల ఎక్కువమంది తప్పుదారి పట్టేది ఇక్కడే. రోజుకోసారి ఆగే మెషిన్ ఒక పూట ఆగకపోతే బాగుపడినట్టు కాదు. కనీసం నాలుగైదు రోజులు చూడండి. వారానికోసారి ఆగేదైతే మూడు వారాలు చూడాలి. ఒకసారికి ఒక్కటే మార్చండి. ఎక్స్‌పో ఆఫ్ చేసి, డ్రైవర్లు మార్చి, బయాస్ అప్‌డేట్ చేసి, మూడూ ఒకే సాయంత్రం కానిస్తే, సమస్య పోయినా ఏది బాగుచేసిందో తెలియదు, పోకపోతే ఏది కొత్తగా చెడగొట్టిందో తెలియదు. ఒక పుస్తకంలో తేదీ, మార్చింది ఏమిటి, ఆగింది ఎన్ని గంటలకు, అప్పుడేం చేస్తున్నారు అని రాయండి. ఆ పని తమ్ముడికి అప్పగించండి.

ఎక్స్‌పో ఆఫ్‌లో ఆగకపోతే దోషి ఎవరో చాలావరకు తెలిసినట్టే. అప్పుడు బయాస్ తాజా వెర్షన్‌కి అప్‌డేట్ చేసి, ఎక్స్‌పో మళ్ళీ ఆన్ చేసి చూడండి. ర్యామ్‌తో సరిగ్గా కుదరకపోవడాన్ని సరిచేస్తూ బోర్డు కంపెనీలు తరచూ కొత్త బయాస్‌లు ఇస్తుంటాయి. అప్‌డేట్ చేయడానికి ఇంకో కారణం కూడా ఉంది. 2023 ఏప్రిల్‌లో మీ బోర్డులాంటి ఏఎం5 సాకెట్ బోర్డుల్లో కొన్ని ప్రాసెసర్లు కాలిపోయిన వార్తలు వచ్చాక, ప్రాసెసర్‌లో ర్యామ్‌ని నడిపే భాగానికి అందే ఎస్‌ఓసీ వోల్టేజీ 1.3 వోల్టులు దాటకుండా ఏఎండీ హద్దు పెట్టింది. ఆ హద్దు కొత్త బయాస్‌లతోనే వచ్చింది. మీ బోర్డు గోడౌన్‌లో ఎప్పటినుంచి ఉందో మనకు తెలియదు కదా. అప్‌డేట్ మధ్యలో కరెంటు పోతే బోర్డు పనికిరాకుండా పోవచ్చు, కాబట్టి యూపీఎస్ పెట్టి, కోతల్లేని వేళ చూసి చేయండి. అప్‌డేట్ తర్వాత సెట్టింగ్‌లు మొదటికి వస్తాయి, ఎక్స్‌పో కూడా ఆఫ్ అయిపోతుంది. అది తెలియక ‘అప్‌డేట్‌తో బాగైపోయింది’ అనుకునేవాళ్ళు ఉన్నారు. బయాస్‌లో ‘మెమరీ కాంటెక్స్ట్ రీస్టోర్’ కనిపిస్తే దాన్ని ఆఫ్ చేసి కూడా ఒకసారి చూడండి. కంప్యూటర్ త్వరగా ఆన్ కావడానికి అది పాత ట్రెయినింగ్ ఫలితాన్నే మళ్ళీ వాడుతుంది. కొన్ని బోర్డుల్లో ఆ పాత లెక్క కుదరక మెషిన్ నిలకడ తప్పుతుంది.

ఎక్స్‌పో ఆఫ్‌లో కూడా ఆగితే ర్యామ్‌ని ఇంకా వదలకండి. క్యాబినెట్ తెరిచి స్లాట్లు చూడండి. నాలుగు స్లాట్ల బోర్డైతే ప్రాసెసర్ వైపు నుంచి లెక్కపెట్టి రెండోది, నాలుగోది, ఈ రెండిట్లోనే స్టిక్కులు ఉండాలి. తీసి, మళ్ళీ క్లిక్కుమనేలా నొక్కండి. తర్వాత ర్యామ్‌ని పరీక్షించే మెమ్‌టెస్ట్86ని పెన్ డ్రైవ్‌లో వేసి, రాత్రి పడుకునే ముందు మొదలుపెట్టండి. ఉచిత వెర్షన్ నాలుగు విడతలు పరీక్షిస్తుంది, 32 జీబీకి గంటలు పడుతుంది. పొద్దున ఒక్క ఎర్రర్ కనిపించినా అది ఎర్రరే, ‘ఒకటే కదా’ అనుకోవద్దు. ఎర్రర్లు లేకపోతే మాత్రం ర్యామ్ నూటికి నూరుపాళ్ళు మంచిదని అనలేం. ఆ పరీక్ష జరిగినంతసేపు ప్రాసెసర్ ఖాళీగా ఉండదు, మీ సమస్యేమో ఖాళీగా ఉన్నప్పుడు వచ్చేది. అందుకని ఒక స్టిక్ తీసేసి, రెండో స్లాట్‌లో ఒక్కటే పెట్టి నాలుగు రోజులు, తర్వాత అదే స్లాట్‌లో రెండో స్టిక్‌తో నాలుగు రోజులు వాడండి. విసుగ్గా ఉంటుంది, నిజమే. కానీ పైసా ఖర్చు లేకుండా దీనంత స్పష్టంగా తేల్చే దారి మరొకటి లేదు.

ర్యామ్ తప్పు కాదని తేలితే అప్పుడు ప్రాసెసర్ నిద్ర సంగతి చూడాలి. బయాస్‌లో ఏఎండీ సీబీఎస్ అనే మెనూ కింద ‘పవర్ సప్లై ఐడిల్ కంట్రోల్’ ఉంటే టిపికల్‌కి మార్చండి. దానితో కుదరకపోతే ‘గ్లోబల్ సీ-స్టేట్ కంట్రోల్’ ఆఫ్ చేసి చూడండి. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు కొంచెం ఎక్కువ కాలుతుంది, అంతే. సీ-స్టేట్లు ఆపితే హ్యాంగ్ పూర్తిగా పోయిందనుకోండి, దాన్ని శాశ్వత పరిష్కారంగా పెట్టుకోకండి. కొత్త మెషిన్‌కి అలా అతుకు వేసుకుని బతకాల్సిన అవసరం లేదు. ఎస్‌ఎంపీఎస్, బోర్డు, ప్రాసెసర్లలో ఒకటి సరిగ్గా లేదని అది చెబుతోంది. వాటికి వారంటీ ఉంది.

ఎస్‌ఎస్‌డీ కూడా ఇలాగే నిద్రపోతుంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్‌లో పీసీఐ ఎక్స్‌ప్రెస్ కింద లింక్ స్టేట్ పవర్ మేనేజ్‌మెంట్ ఉంటుంది, దాన్ని ఆఫ్ చేసి చూడండి. ఎస్‌ఎస్‌డీ కంపెనీ సైట్‌లో కొత్త ఫర్మ్‌వేర్ (ఎస్‌ఎస్‌డీ లోపలి సాఫ్ట్‌వేర్) ఉంటే వేయండి. యూట్యూబ్ చూస్తున్నప్పుడు మాత్రమే ఆగుతుంటే బ్రౌజర్ సెట్టింగ్స్‌లో, వీడియో పనిని గ్రాఫిక్స్‌కి అప్పగించే హార్డ్‌వేర్ యాక్సిలరేషన్ ఆపి చూడండి. మీ ప్రాసెసర్‌లో చిన్న గ్రాఫిక్స్ ఉంది కాబట్టి మీకు ఇంకో సౌకర్యం ఉంది. గ్రాఫిక్స్ కార్డు పూర్తిగా తీసేసి, మానిటర్ కేబుల్‌ని మదర్‌బోర్డుకే పెట్టి కొన్నాళ్ళు వాడవచ్చు. తమ్ముడు ఒప్పుకుంటే.

క్యాబినెట్ తెరిచినప్పుడే మరికొన్ని చూడండి. ప్రాసెసర్‌కి వెళ్ళే 8 పిన్నుల పవర్ కేబుల్, బోర్డుకి వెళ్ళే 24 పిన్నుల కేబుల్ గట్టిగా కూర్చున్నాయా? బోర్డు వెనక స్క్రూ రంధ్రం లేని చోట ఇత్తడి స్టాండాఫ్ (బోర్డుని ఎత్తి నిలిపే చిన్న గుబ్బ) ఏదైనా మిగిలిపోయి బోర్డుకి తగులుతోందా? పాత ఎస్‌ఎంపీఎస్ కేబుల్ ఏదైనా కొత్తదానికి వాడారా? అలా వాడి ఉంటే వెంటనే తీసేయండి. ప్లగ్గు సరిపోయినా పిన్నుల వరుస కంపెనీకో రకంగా ఉంటుంది, పార్టులు కాలిపోతాయి.

ఇంటి కరెంటు గురించి మీరు అడగలేదు, కానీ మన ఊళ్ళలో చూడకుండా వదలకూడని విషయం. క్యాబినెట్ ఇనుప భాగం ముట్టుకుంటే వేలికి జివ్వుమంటోందా? అలా ఉంటే ఆ సాకెట్‌కి ఎర్తింగ్ లేనట్టే. మూడు రంధ్రాలు ఉన్నంత మాత్రాన మూడో వైరు ఉందని అనుకోవద్దు, చాలా పాత ఇళ్ళలో ఉండదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి కొలిపించండి. ఫేజుకీ ఎర్తుకీ మధ్య 230 వోల్టుల దగ్గర చూపించాలి, న్యూట్రల్‌కీ ఎర్తుకీ మధ్య రెండు మూడు వోల్టులకు మించకూడదు. కంప్యూటర్ ఆగడానికి ఇది కారణమైనా కాకపోయినా, మీ భద్రత కోసం చేయించాల్సిన పని. ఇన్వర్టర్ మీద నడుపుతుంటే దాన్ని యూపీఎస్ మోడ్‌లో పెట్టండి. కరెంటు పోయినప్పుడు మారడానికి మామూలు మోడ్‌లో ఎక్కువ సమయం పడుతుంది. అయితే కరెంటు తడబాటుకి కంప్యూటర్ సాధారణంగా రీస్టార్ట్ అవుతుంది, బొమ్మతో సహా అలా నిలబడిపోదు. అందుకే ఈ అనుమానాన్ని చివర పెట్టాను.

మీలాంటి సమస్యే ఉన్న ఇంటెల్ వాళ్ళకు ఒక మాట. 13, 14వ తరం కోర్ ఐ7, ఐ9 డెస్క్‌టాప్ ప్రాసెసర్లైతే ర్యామ్ జోలికి వెళ్ళకముందే బయాస్ అప్‌డేట్ చేయండి. ఎక్కువ వోల్టేజీ అడిగి ప్రాసెసర్ క్రమంగా దెబ్బతినే లోపాన్ని ఇంటెల్ 2024లో ఒప్పుకుని, ఆగస్టులోనూ సెప్టెంబరులోనూ బయాస్‌తో వచ్చే మైక్రోకోడ్ (ప్రాసెసర్ లోపలి ఆదేశాల) సవరణలు ఇచ్చింది, వారంటీని రెండేళ్ళు పొడిగించింది. ఇప్పటికే దెబ్బతిన్న ప్రాసెసర్‌ని ఆ సవరణ బాగుచేయదు, మార్పించుకోవాలి.

నాన్నగారికి ఇది చెప్పండి. కంపెనీ కంప్యూటర్‌లోనూ ఇవే పార్టులు ఉంటాయి, అవీ ఆగిపోతాయి. తేడా ఏమిటంటే అక్కడ సర్వీసు మనిషి చేసే పరీక్షలు ఇక్కడ మీరిద్దరూ చేయాలి, బదులుగా ఒక్కో పార్టుకి విడి వారంటీ మీ చేతిలో ఉంటుంది. బిల్లులు, పెట్టెలు, సీరియల్ నంబర్ల స్టిక్కర్లు పారేయకండి. ఏది తప్పని తేలినా, ఆన్‌లైన్‌లో వెనక్కిచ్చే గడువు దాటిపోయినా, ఆ పార్టు కంపెనీ సర్వీసు సెంటర్‌లో వారంటీ కింద ఇవ్వవచ్చు. అక్కడ ‘కంప్యూటర్ హ్యాంగ్ అవుతోంది’ అని చెబితే మళ్ళీ సాఫ్ట్‌వేర్ అంటారు. ‘ఈ స్టిక్ ఒక్కటే రెండో స్లాట్‌లో పెట్టి, ఎక్స్‌పో ఆఫ్‌లో, ఉబుంటులో కూడా ఫలానా తేదీల్లో ఆగింది, రెండో స్టిక్‌తో ఆగలేదు’ అని మీ పుస్తకం, వీడియో, మెమ్‌టెస్ట్ ఫొటో చూపించండి. అప్పుడు కూడా ‘తీసుకోం’ అంటే ఆ మాటే రాతపూర్వకంగా ఇవ్వమని అడగండి. ఇవ్వకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేయండి, తెలుగులోనే మాట్లాడవచ్చు.

ఇవన్నీ అయ్యాక కూడా ఆగుతుంటే మిగిలేవి మూడే: ఎస్‌ఎంపీఎస్, బోర్డు, ప్రాసెసర్. ముందు తెలిసినవాళ్ళ దగ్గర మంచి ఎస్‌ఎంపీఎస్ ఒకటి, దాని కేబుళ్ళతో సహా, వారం రోజులు అరువు అడగండి. దానితోనూ ఆగితే బోర్డునీ ప్రాసెసర్‌నీ విడదీయకుండా, ఏఎం5 బోర్డు ఉన్న సర్వీసువాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళి, మీ ప్రాసెసర్‌ని వాళ్ళ బోర్డులో పెట్టి చూడమనండి. సాకెట్‌లోని పిన్నులు చాలా సున్నితం, ఈ ఒక్క పని మాత్రం ఇంట్లో చేయకండి.